మెట్లకింద జాగా

పొద్దున్న పదిన్నరకి అప్పలసూరి ఫిరంగులు రెండూ పోయాయి.

"ఆప్‌కీ దోనో తోపే నష్ట్ హో గయీ," అంది టాబ్లెట్. హిందీ ఆడగొంతు. కబురు ఎంత చెడ్డదైనా దానిది అదే మర్యాద.

అప్పలసూరి బల్లమీది బేరింగు గుళ్ళు రెండూ తీసి డబ్బాలో వేశాడు. అవే అతని ఫిరంగులు. ఎర్ర రంగు పూసిన నట్లు అతని సిపాయిలు. నీలం రంగు బోల్టులు ఏసురత్నం సిపాయిలు. భోజనాల బల్లమీద పరిచిన పచ్చ దుప్పటి మైదానం. ఇటుక ముక్క కొండ. బోర్లించిన సాసరు వంతెన. ఎవరు ఎంత దూరం కదిలారో స్కేలుతో కొలిచి టాబ్లెట్‌లో కొడితే, పాచికలు అదే వేస్తుంది. చచ్చినవాళ్ళని అదే లెక్కపెడుతుంది.

యుద్ధం మెట్లకింద జాగా కోసం.

హిందీ రాష్ట్రంలోని స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ ఆరులోని ఒక బ్లాకులో కింది క్వార్టరు అప్పలసూరిది. పైది ఏసురత్నానిది. ఇద్దరూ బ్లాస్ట్ ఫర్నేసులో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైనవాళ్ళు. మెట్లకింద ఒక్క బండికే చోటుంది. అప్పలసూరి స్కూటరుకి అడుగు రేకు తుప్పు పట్టింది. ఇంకొక్క వానాకాలం తడిస్తే ఊడి చేతికొస్తుందని మెకానిక్ చెప్పేశాడు. కొడుకు మనోజ్‌కుమార్ పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఆ బండిమీదే. అటు ఏసురత్నం కోడలు డైసీ కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటీ కొంది. ఛార్జింగు ప్లగ్గు మెట్లకిందే ఉంది.

మాటా మాటా పెరిగింది. రెండు నెలలు పలకరింపుల్లేవు. చివరికి మనోజ్‌కుమారే విసుగెత్తి, తన పాత టాబ్లెట్‌లో ఈ ఆట ఎక్కించి తెచ్చాడు.

"జగడా బంద్, నాన్నా. ఇందులో ఎవరు గెలిస్తే జాగా వాళ్ళది. ఫైనల్."

"మిషను సెప్పిందంటే నాను ఒప్పుకుంటాను," అన్నాడు అప్పలసూరి.

"మిషన్ మాటే నా మాట కూడా, భయ్యా," అన్నాడు ఏసురత్నం. బైబిలు మీద వేసినంత గట్టిగా టాబ్లెట్ మీద చెయ్యి వేశాడు. ఆ దెబ్బకి ఆట మొదలైపోయింది.

అది మూడు వారాల కిందటి మాట. ఇవాళ ఆఖరి పోరు. బయట మబ్బు దిగింది.

నీలం వంతు వచ్చింది. బోల్టులు నాలుగు కొండ వెనక్కి నక్కాయి. అప్పలసూరికి ఒళ్ళు మండింది.

"ఇదేటి దొంగబుద్ధి!" అన్నాడు బల్ల అవతలికి చూసి. "దమ్ముంటే ఎదురుగా రా!"

వంతు మారింది. అప్పలసూరి నట్లని కొండ పక్క సందులోకి నడిపించాడు. ఆ సందులో మందుపాతర ఉందని మనసు చెబుతూనే ఉంది. కానీ శత్రువు పాతరలు ఎర్ర సైన్యానికి తెలియకూడదని రూలు. కళ్ళు మూసుకుని ముందుకే తోశాడు.

"బారహ్ సైనిక్ శహీద్," అంది టాబ్లెట్.

పన్నెండు నట్లూ డబ్బాలోకి పోయాయి.

అప్పలసూరి భార్య సింహాచలమ్మ టీ తెచ్చింది. గ్లాసు పెట్టి, బల్లకేసి చూసింది.

"ఏటిది! సూసి సూసి వాళ్ళని అందులోకి తోలీసినారేటి?"

"రూలు."

"ఏటి రూలు? ఓ నాలుగు నట్లు పక్కకి జరిపీండి. ఇక్కడ ఎవులు సూత్తన్నారు?"

"బండి కోసం ఎదుటోడికి అన్నాయం సేయమంటావేటి? ముప్పయ్యేళ్ళు నాతో పాటు నిప్పు దగ్గిర నిలబడ్డోడే ఆడు."

"ఆడికి లేని పట్టింపు మీకెందుకో!" అంటూ ఆమె వంటింట్లోకి పోయింది.

ఎర్ర సైన్యంలో ఇంక అయిదు నట్లే మిగిలాయి. సాసరు వంతెన ఒక్కటి దాటితే గెలుపే. అప్పలసూరి అయిదింటినీ వంతెన మొదట్లో వరసగా నిలబెట్టాడు. బోల్టు ఒక్కటి వచ్చి అవతల అడ్డం నిలబడిందా, పని అయిపోతుంది.

వంతు మారబోతుంటే గోడమీది సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకున్నాడు.

"ఈ ఒక్కసారికి ఆడి బుర్ర పన్జెయ్యకుండా సూడు, తండ్రీ."

నీలం వంతు. చాలాసేపు ఏ బోల్టూ కదల్లేదు. అప్పలసూరి నుదుట చెమట పోసింది. టీ చల్లారిపోయింది.

అప్పుడు కదిలింది. ఒకే ఒక్క బోల్టు. నెమ్మదిగా వచ్చి, సరిగ్గా వంతెన అవతల అడ్డం నిలబడింది.

"యుద్ధ్ సమాప్త్. నీలీ సేనా విజయీ. బధాయీ హో!"

అప్పలసూరి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. దుప్పటి మడతపెట్టాడు. తాళంచెవి తీసుకుని గుమ్మం దాటాడు. మెట్లకిందనుంచి స్కూటరు బయటికి లాగుతూంటే చినుకులు మొదలయ్యాయి. సీటు ఒకసారి చేత్తో తుడిచాడు. అది వెంటనే మళ్ళీ తడిసింది.

డైసీ గబగబా మెట్లు దిగి వచ్చింది.

"అంకుల్, బారిష్‌లో బండి ఎందుకు తీస్తున్నారు? నేను పైనుంచి వైరు లాక్కుంటానండీ. లోపలే ఉంచండి."

"లేదమ్మా. మీ మాయ్య గెలిచీసినాడు. జాగా మీదే."

"మావయ్యా? గెలిచారా? కబ్?"

"ఇప్పుడే. బాగా ఆడినాడు."

డైసీ తెల్లమొహం వేసింది.

పక్క ఊరు కుమ్హారిలో కూతురింటికి వెళ్ళిన ఏసురత్నం పది రోజులైనా తిరిగి రాలేదు మరి. రావలసినవాడు రాకపోతే ఉన్నవాడే డబుల్ డ్యూటీ చెయ్యాలన్న ప్లాంటు అలవాటు కొద్దీ, ఆ పది రోజులూ నీలం సైన్యాన్ని నడిపింది కూడా అప్పలసూరే.