జైనబ్ ఊరి పెద్ద

రామసుబ్బమ్మకు పదిహేను రోజుల సెలవు కావాలి. మేడమ్ మేడ దిగి రాగానే అడగాలి.

కడప పక్క ఊరినుంచి పొద్దున్నే మొగుడు ఫోన్ చేశాడు. "వచ్చే సోమారం పెద్దాఫీసరు తనిఖీకి వస్తాండాడు. నువ్వు మనిషివి ఎదురుగా నిలబడాల. లేకుంటే అంతా పాయె" అన్నాడు.

2008 జులై. అరబ్బు దేశంలోని బౌషర్‌లో, మేడమ్ వాళ్ల విల్లా వంటింట్లో ఆమెకు తోడు టాంజానియా నుంచి వచ్చిన జైనబ్. ఇద్దరి మధ్యా అరబ్బీ, హిందీ కలగలిసిన వంటింటి భాష. ఆ పూట జైనబ్ కూడా దిగులుగానే ఉంది. వాళ్ల ఊళ్లో బోరు చెడి నాలుగు నెలలట.

"ఏమ్మే, బాగు చేపిచ్చేదానికి మీకు పంచాయితీ ల్యాదా?" అంది రామసుబ్బమ్మ, ఉల్లిపాయలు తరుగుతూ.

"ఎందుకు లేదక్కా! ఊరికో కౌన్సిల్, పైన వార్డు, ఆ పైన జిల్లా కౌన్సిల్. ఊరి చేతిలో మాత్రం ఏమీ లేదు. ఇదివరకు తలకింత పన్ను ఉండేది, అదీ ఎత్తేశారు. డబ్బు పై సర్కారు నుంచి జిల్లాకు రావాలి. జిల్లా దయతలిస్తే ఊరికి."

"అడుక్కోని తినే కౌన్సిలు!" రామసుబ్బమ్మ మూతి విరిచింది. "పోయి అడిగేదానికి పెద్దమనిషి ల్యాడా?"

"ఛైర్మన్ ఉన్నాడు. మేమే ఓట్లేసి గెలిపించాం. ఎక్కడో దూరాన దారెస్సలాం పట్నంలో కొట్టు పెట్టుకుని అక్కడే ఉంటాడు. ఊళ్లో వాళ్ల తమ్ముడు ముద్ర కొడుతుంటాడు."

రామసుబ్బమ్మకు నవ్వూ రోతా ఒక్కసారే వచ్చాయి.

"థూ! వాడికి సిగ్గుల్యాకుంటే ఓట్లేసిన మీకన్నా ఉండాల. ఊళ్లో ల్యానోడికి పెత్తనమెందుకు? అందుకే మీ బతుకులట్ల ఏడిసినాయి."

జైనబ్ పొయ్యి సన్నం చేసింది.

మేడమ్ వచ్చింది. సెలవు మాట వినగానే చెయ్యి అడ్డంగా ఊపింది.

"రంజాన్ దగ్గర పడుతుంటే సెలవా? నువ్వు పోకపోతే మునిగిపోయే పనేమిటో చెప్పు."

వంటింటి భాష మేడమ్ దగ్గర చెల్లదు. రామసుబ్బమ్మ వాకిట్లో కారు తుడుస్తున్న డ్రైవర్ ఖాదర్‌వలిని కేకేసింది. ఇద్దరిదీ ఒకటే ఊరు. అతనికి అరబ్బీ బాగా వచ్చు.

"వలీ, ఉన్నదున్నట్టు చెప్పు నాయనా. లేకుంటే ఈయమ్మ పంపీదు."

జైనబ్ గరిటె పట్టుకుని అటే చూస్తోంది.

ఖాదర్‌వలి ఉన్నదున్నట్టే చెప్పాడు: "మా ఊరి సర్పంచ్ ఈమే మేడమ్, గెలిచిన నెలకే ఇక్కడికొచ్చేసింది, రెండేళ్లుగా ఊళ్లోనే ఉన్నట్టు సంతకాలన్నీ మొగుడే పెడుతున్నాడు."