దిద్దిన ఉత్తరాలు

"ఆ మాట తప్పు, సర్," అన్నాడు రాజారాం, టైపు మిషన్ మీది నుంచి వేళ్లు తీసి.

మెకే దొర చెప్పడం ఆపేశాడు. బోధన్ పక్కన కొత్తగా కట్టిన చక్కెర కార్ఖానాలో అతను ఇంజన్ల ఫోర్‌మన్. సైకిలు మీది నుంచి పడి కుడిచెయ్యి విరిగింది. స్కాట్లాండులో ఉన్న తల్లికి ప్రతి ఆదివారం తానే రాసుకునే ఉత్తరం ఈసారి ఆఫీసు గుమాస్తా చేత కొట్టిస్తున్నాడు.

"ఏది తప్పు?"

"ఐ హావ్ వెంట్ అన్నారు. ఐ హావ్ గాన్ అనాలి. అంతకు ముందు ఐ సీన్ అన్నారు. అది కూడా కుదరదు. ఐ హావ్ సీన్."

దొర మొహం కందిపోయింది. తెల్లవాడి ఇంగ్లీషుకే వంకపెట్టాను, ఇక నౌకరీ పోయినట్టే అనుకున్నాడు రాజారాం.

"మా ఊళ్లో అందరం అట్లాగే మాట్లాడతాం," అన్నాడు మెకే మెల్లగా. "పన్నెండేళ్లకే బడి మానేశాను. నేను నోరు విప్పితే ఇక్కడి ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే క్లబ్బుకు పోవడం మానేశాను."

కిటికీలోంచి కాసేపు చెరుకు బండ్ల వైపు చూశాడు.

"నువ్వు సరిగ్గానే కొట్టు. కొడుకు నాలుగు ముక్కలు నేర్చుకున్నాడని మా అమ్మ సంతోషపడుతుంది. చెయ్యి విరిగిన సంగతి మాత్రం వద్దు. బెంగపెట్టుకుంటుంది."

"మరి సంతకం, సర్?"

"ఎడమచేత్తో పెడితే అనుమానం వస్తుంది. పేరు కూడా మిషన్ మీదే కొట్టెయ్."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం రాజారాం దొర బంగళాకు వెళ్లాడు. దొర వెంట్ అంటే గాన్ అని కొట్టాడు, బ్రోక్ అంటే బ్రోకెన్ అని కొట్టాడు. అతనికీ బోధన్‌లో నా అన్నవాళ్లు లేరు. అద్దెగదిలో ఒక్కడే వండుకు తినడం కన్నా ఈ పని బాగుండేది.

అంతవరకు వారం వారం తప్పకుండా వచ్చే తల్లి జాబులు నెల తిరిగేసరికి ఆగిపోయాయి. ఒక వారం చూశారు. ఇంకో వారం చూశారు.

వంటమనిషి ముక్తార్ ఒకరోజు రాజారాంను గేటు దగ్గర ఆపాడు.

"దొర తింటలేడు సాబ్. రొట్టె పెడితే పెట్టినట్టే ఉంటున్నది. డాక్ వచ్చిందా అని పొద్దంత గదే అడుగుతుండు. ఏమైంది?"

"తల్లి దగ్గర్నుంచి జాబు వస్తలేదు, ముక్తార్."

"ముసలామెకు ఏమన్న అయిందో ఏమో. జర మీరన్న ధైర్నం చెప్పుండ్రి."

ఆ ఆదివారం రాజారాం మిషన్‌లో కాగితం ఎక్కించి కూర్చున్నాడు. మెకే కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"ఎవరికి రాయాలి, రాజారాం? మా అమ్మ పోయి ఉంటుంది. ఆ కబురు నాకు చెప్పడానికైనా అక్కడ ఇంకెవరూ లేరు."

రాజారాం కాగితం తీసేసి, మిషన్‌కు మూత పెట్టి, చీకటి పడేదాకా అతని పక్కనే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసులో మేనేజరు పేర వచ్చిన డాక్ విప్పుతుంటే రాజారాంకు స్కాట్లాండు ముద్ర ఉన్న కవరు ఒకటి కనిపించింది. మేనేజరు గారికి అని వణికిన అక్షరాలతో రాసి ఉంది. పంపినామె పేరు చివర మెకే అని ఉంది. ముసలామె బతికే ఉంది. ఆ మాట చెప్పడానికి దొర దగ్గరికి పరుగెత్తబోయి, నిలబడే విప్పి చదివాడు రాజారాం.

"అయ్యా, నా కొడుకు పేరుతో మీ ఆఫీసు నుంచి వస్తున్న ఉత్తరాలు చాలా బాగున్నాయి. వాడికి అంత మంచి ఇంగ్లీషు రాదు. ముసలిదాని మనసు నొప్పించకూడదని ఎవరో దయగలవారు రాస్తున్నారు, వారికి నా దండాలు. ఇక దాచకండి. నా బిడ్డను ఎక్కడ పాతిపెట్టారో చెప్పండి."