నాలుగో లైటు

డ్రెస్డెన్‌లో డిసెంబర్ నెల. నాలుగింటికే చీకటి. మా ఇంటి ఇంటర్నెట్టునే పై అంతస్తులో ఒంటరిగా ఉండే నబీలక్క కూడా వాడుకుంటుంది. గోడకు రంధ్రం పెడితే ఓనరు ఊరుకోడని, మా రౌటర్ నుంచి వైరును కిటికీలోంచి ఆమె కిటికీకి పాకించాం. అక్క కంప్యూటర్ పనిచేస్తుంటే రౌటర్ మీద నాలుగో లైటు మినుకుతుంది. వారం నుంచి అక్కకు జ్వరం. వారమంతా ఆ లైటు మినుకుతూండటం చూసుకునే నేను ధైర్యంగా ఉన్నాను.

ఇవాళ అది ఆరిపోయింది. అక్క ఫోన్ ఎత్తలేదు. పైకి పరిగెత్తి తలుపు బాదాను. లోపల అలికిడి లేదు. మెట్ల దగ్గరి లైటు కూడా ఆరిపోయింది. చాలాసేపటికి ఎవరో చెప్పులీడ్చుకుంటూ వచ్చి తలుపు తీశారు. అక్కే.

"ఏమైందే ఉదయా, గట్ల ఉరికొచ్చినవ్?"

కావలించుకుని ఏడ్చేశాను. "నీ లైటు ఆరిపోయిందక్కా!"

అక్క నవ్వింది. "పిచ్చిదానా, జ్వరమొచ్చిన రోజే ఆ వైరు పీకి బయట పడేసిన. కిటికీ సందులకెల్లి సలి కొడ్తుంటే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమెకు చారు కాచి పెట్టి, తేలికపడ్డ మనసుతో కిందికొచ్చాను.

నాలుగో లైటు మళ్ళీ మినుకుతోంది. వైరు రెండో కొస బయట చీకట్లో ఉంది.

అక్క బాగుంది, నాకదే చాలు. కిటికీ మాత్రం తెరవలేదు.