ఆగని పంపు

పంపుహౌసులో ఏ మిషనుకు జబ్బు చేసినా మెకానిక్ కనిపెట్టే తీరు ఒకటే. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను మిషనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. అలాంటి మనిషికి కొన్నాళ్లుగా ఎడమ చెవిలో ఉస్సు ఉస్సుమని మోత. డాక్టరుకు చూపించుకోమని భార్య చెవినిల్లు కట్టుకుని పోరినా, "పంపుల హోరేలే" అని కొట్టిపారేసేవాడు.

ఆ రాత్రి కరెంటు పోయింది. పంపులన్నీ ఆగాయి. మోత మాత్రం ఆగలేదు.

"ఒరేయ్, ఏదో పంపు ఇంకా తిరుగుతోందిరా," అన్నాడు తోడు డ్యూటీలో ఉన్న బావమరిదితో.

"అన్నీ చచ్చినట్టు పడున్నాయి బావా. ఉండు, నీ బేరింగు చూస్తా!"

బావమరిది నవ్వుతూ స్క్రూడ్రైవరు మొనను అతని చెవి వెనక ఎముకకు మెల్లగా ఆనించి, పిడిని తన చెవికి పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"ఏమైందిరా?"

టార్చి వెలుగులో బావమరిది వేలు తొడ మీద కొడుతోంది. మెకానిక్ చెవిలో మోత వచ్చిన ప్రతిసారీ, సరిగ్గా అప్పుడే.

"ఆ మోత నాకూ వినపడుతోంది బావా, నీ నాడితో పాటే కొడుతోంది. పద, ఆస్పత్రికి పోదాం."

"పొద్దున చూద్దాంలేరా."

"కాదు, ఇప్పుడే," అన్నాడు బావమరిది, పగలబోయే మిషను దగ్గర్నుంచి తప్పుకుంటున్నట్టు ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ.