కాపలా మనిషి

కొత్త యువజన భవనం మెట్ల మీద కాపలాదారు మాకు అడ్డంగా నిలబడ్డాడు. నా చంకలో చదరంగం బల్ల ఉంది, వెనక మా వీధి పిల్లలున్నారు.

"రిబ్బను కత్తిరించి ఏడాదైంది. ఎప్పుడు తెరుస్తారన్నా?" అన్నాను.

"మీరొస్తే గోడలు మాసిపోతాయట. తెరవొద్దన్నారు మునిసిపాలిటీ వాళ్లు, తల్లీ."

"పొయ్యి మసి పడుతుందని వంట మానేస్తామా?"

ఆయన నవ్వలేదు. కిటికీలోంచి లోపలి గోడ మీద పెద్ద ఫొటో కనిపించింది. మునిసిపాలిటీ గేటు ముందు కుర్రాళ్ల గుంపు, అందరికన్నా ముందు మెడనరాలు ఉబ్బేలా మైకులో అరుస్తున్న ఒకతను. ఆ గొడవ వల్లే ఈ భవనం వచ్చిందని మాకు బళ్లో చెప్పారు.

ఫొటో వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూశాను.

"అది మీరే కదన్నా?"

టోపీ కిందికి లాక్కున్నాడు.

"మరి మేమేం చెయ్యాలి?"

"మీరూ వెళ్లి గట్టిగా అడగండి." తాళం ఒకసారి లాగి చూసుకున్నాడు. "పక్క వార్డులో ఇంకో భవనం కడుతున్నారు. దానికీ కాపలా మనిషి కావాలి. ముందు నిలబడి అరిచినవాళ్లకే ఆ ఉద్యోగం ఇస్తారు."