మామగారి మెలిక

“చెయ్యి తియ్యమ్మా! ఆ మూత మీంచి ముందు చెయ్యి తియ్యి!”

మామగారు కుర్చీలోంచి అరిచేసరికి కోడలికి నవ్వాగలేదు. ఆమె చెయ్యి రేడియేటరు మూత మీద లేదు, దాని పక్కనున్న గుడ్డ మీద ఉంది. వేడి మీదున్న ఇంజనుకి ఆ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన కొడతాయన్నది నాలుగేళ్ల కిందట ఈ షెడ్డులో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం.

“పేపరు చదువుకుంటున్నారుగా మామయ్యా? కళ్లు మాత్రం నా చేతుల మీదే ఉన్నాయే!”

“చదువుతూనే ఉన్నాను. నువ్వు నీ పని చూడు.”

నలభై ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్న మనిషి. ఆయన చెయ్యి పడిన బండి అదే రోగంతో మళ్లీ గుమ్మం తొక్కదని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. షెడ్డు తాళంచెవి మొలతాడుకి కట్టుకుని నిద్రపోయేటంత ప్రాణం. కొడుక్కి నట్టుకీ బోల్టుకీ తేడా తెలియదు. పనంతా కోడలికి అబ్బింది. అయినా తాళంచెవి ఇమ్మంటే మాత్రం, “నేను పెట్టిన మెలిక పట్టుకో, అప్పుడిస్తాను” అంటారు.

ఇప్పటికి రెండుసార్లు ఓడిపోయింది. మొదటిసారి గాలి గొట్టంలో గుడ్డ కుక్కారు, కనిపెట్టలేకపోయింది. రెండోసారి మరీ అన్యాయం. పైకి కనిపించేలా ఒక వైరు ఊడదీసి, లోపల ఇంకోటి తెంపారు. పై వైరు తగిలించి “పట్టేశా!” అని ఆమె గంతులేస్తే, బండి కదల్లేదు. ఆ గంతుల గురించి ఆయన నెల్లాళ్లు చెప్పుకుని నవ్వారు.

ఇది మూడోసారి, ఆఖరిసారి. ఈసారీ ఓడితే రేపటినుంచి షోరూములో కూర్చుని బిల్లులు రాయాలి. ఆ ఉద్యోగం భర్త మాట్లాడి ఉంచాడు. బిల్లులన్న మాట తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొస్తోంది.

“మళ్లీ చెప్పండి మామయ్యా, నిన్న ఏమేం చేశారు?”

“రేడియేటరు కడిగాను. గొట్టాలు మార్చాను. థర్మోస్టాటు కొత్తది వేశాను. ఆఖర్న నీ కోసం మెలిక పెట్టాను. ఆసామి భోంచేసి బండి కోసం వచ్చేలోగా ఇంజను వేడెక్కకుండా చెయ్యి. అంతే.”

కోడలు ఫ్యాను బెల్టుని బొటనవేలితో నొక్కింది. అరంగుళం కిందికి పోవాల్సింది జోలెలా జారింది. బిగించేసింది. నోరు మాత్రం మెదపలేదు.

మామగారు గొంతు సవరించుకున్నారు. “ఏమైనా దొరికిందా?”

“ఇంకా వెతుకుతున్నా.”

“దొరికితే చెప్పెయ్యొచ్చుగా! ఆసామి వచ్చేస్తాడు.”

‘ఆహా, మళ్లీ గంతులెయ్యమంటున్నారు!’ అనుకుంది కోడలు. అంత తేలికది పెట్టే మనిషా ఈయన? పక్కన టీ గ్లాసులు తీస్తున్న అత్తగారి చెవిలో, “బెల్టు ఉత్త ఎర అత్తయ్యా” అంది.

“ఆయన జిత్తులు నాకు తెలియవా?” అంది అత్తగారు. “ఈమధ్య మరీ గొప్పలు పోతున్నారు. నిన్న పొద్దంతా చొక్కా తిరగేసుకు తిరిగారు. చెబితే, అదే పద్ధతన్నారు!”

ఇంజను మళ్లీ స్టార్టు చేసింది. కాసేపటికి వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. మామగారు పేపరు పడేసి లేచి నిలబడ్డారు. ముఖం నిండా ఆశ్చర్యం. నటనంటే అదీ, అనుకుంది కోడలు.

రేడియేటరు పై గొట్టం పట్టుకుని చూసింది. ఇంజను మండిపోతుంటే గొట్టం గోరువెచ్చగా ఉంది. అంటే నీళ్లు ఇంజను దాటి రేడియేటరులోకి రావడమే లేదు. మధ్యలో తలుపు తెరవాల్సింది థర్మోస్టాటే.

ఇంజను ఆపి, చల్లారేదాకా ఓపిక పట్టి, నాలుగు బోల్టులు విప్పింది. థర్మోస్టాటు స్ప్రింగు ఇంజనులోకి చూడాలి. ఇది బయటికి చూస్తోంది.

“అత్తయ్యా, పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాస్తారా?”

“నా గిన్నెలో ట్రాక్టరు వండుతావుటే!”

తిట్టుకుంటూనే కాచింది. మరిగే నీళ్లలో వెయ్యగానే థర్మోస్టాటు బుద్ధిగా నోరు తెరిచింది. వస్తువు బాగానే ఉంది, బిగించడమే తలకిందులు. కోడలు దాన్ని సరిగ్గా తిప్పి బిగించి, నీళ్లు నింపి ఇంజను నడిపింది. అరగంట గడిచినా ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

“అమ్మ మామయ్యో!” ఈసారి నిజంగానే గంతేసింది. “బెల్టు చూసి మురిసిపొమ్మని పైన పెట్టి, అసలు మెలిక లోపల దాచారా? థర్మోస్టాటు తిరగేస్తారా? ఎంత పాడుబుద్ధండీ మీది!”

మామగారు నవ్వలేదు.

“స్ప్రింగు ఎటుంది?”

“బయటికి.”

“సరిగ్గా చూశావా?”

“పెట్టింది మీరు, అడిగేది నన్నా?”

ఆయన మొలతాడుకున్న తాళంచెవి విప్పారు. ముడి రావడానికి కాస్త సేపు పట్టింది. దాన్ని కోడలి అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూశారు. సంతోషంతో ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

“ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారేంటి? ఇంకో పరీక్ష లేదా?” అని ఉడికించింది.

మామగారు భార్య లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

“నేను పెట్టింది బెల్టు ఒక్కటేనమ్మా.”