మాట అక్కర్లేని దుకాణం

పక్కింటి యాకమ్మత్త నేసే జంపఖానాలు అమ్మడానికి ఆన్‌లైన్‌లో దుకాణం పెట్టాలని రెండు సైట్లు చూశాను. మొదటిదానిలో కొనేవాళ్లు ఆమెకు ఫోన్ చేయవచ్చు. రెండోదానిలో మాటే అక్కర్లేదు, రంగు నొక్కితే చాలు. ఫోన్ మోగితేనే చెమటలు పట్టే నేను రెండోదే మంచిదన్నాను.

"సదువుకున్న పిల్లవు, నీకే ఎరుక," అంది అత్త.

ఆర్డర్లు బాగానే వచ్చాయి. నెల తర్వాత అత్త తన ఫోన్ పట్టుకొచ్చింది.

"జర చూడు బిడ్డా, ఖరాబైనట్టుంది. ఒక్కలు గూడ జేస్తలేరు. దానిమీద ముసలోళ్లు కూసుంటరో, పిల్లలు దొర్లుతరో అడగకుంట ఎట్ల నేసుడు? మగ్గం మీద చెయ్యి ఆడుతలేదు."

ఫోన్ బాగానే ఉంది. "నేను బాగు చేస్తానత్తా," అన్నాను తలెత్తకుండా.

ఇంటికి వెళ్లి, దుకాణాన్ని మొదటి సైటుకు మార్చి, అత్త నంబరు పెట్టాను. పనిచేస్తోందో లేదో ఎవరో ఒకరు చూడాలి. సైటులో ఆ నంబరును నేనే నొక్కాను.

"హలో! జంపఖానా కావాల్నా?" అత్త గొంతులో ఎంత సంబరం! "దానిమీద ఎవరు కూసుంటరు బిడ్డా?"

"నేను... ఒక్కదాన్నే."

"ఒక్కదానివేనా? అయితే జర పెద్దగనే నేస్త. పక్కన ఇంకొకలు కూసునెటట్టు."